జెర్రిపోతుకు అడ్డుపడ్డ చేయి

అశోక్ నగర్‌లో మా ఇంటి వెనక హాస్టల్లో వంట చేసే ఆమె, రాలిన ఆకును ఎవరినీ తగలబెట్టనిచ్చేది కాదు. గల్లీ ఊడ్చేవాళ్లు అగ్గిపుల్ల గీసేలోపే గంపతో వచ్చి ఎత్తుకుపోయేది. "నేలకు బట్ట కప్పాలె సారూ, ఒట్టిగ ఉంచితె సస్తది" అనేది. ఆ ఆకుల కింద హాస్టల్ పెరటి మట్టి నల్లబడింది. మునగ నీడన బొప్పాయి, దాని కింద పాలకూర, పుదీన వేసింది. పరీక్షలకు చదివే పిల్లల కూరలో సగం అక్కడిదే. కప్పలొచ్చాయి, పిట్టలొచ్చాయి. 2012 వానల్లో ఒక జెర్రిపోతు కూడా చేరింది. బియ్యం గదిలో ఎలుకలు తగ్గాయి.

ఒక ఉదయం ఎవరో నాగుపామని అరిచారు. కర్రలతో ఏడుగురం పెరట్లోకి దూకాం. పాలకూర మడి తొక్కాం, బొప్పాయి విరగ్గొట్టాం. ఆమె పరుగెత్తుకొచ్చి, "అది జెర్రిపోతు, దానికి విషం లేదు" అంటూ చేయి అడ్డం పెట్టింది. ఎత్తిన కర్ర ఆగలేదు. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. ఆ కర్ర నాది. రోజూ డైరీ రాసే నేను ఆనాడు ఈ మాట రాసుకోలేదు.

అప్పటికే మిగతావాళ్లు పాము తల చితక్కొట్టారు. నేను ఆటో పిలుస్తుంటే ఆమె ఏడవలేదు. పామును చూసి, నన్ను చూసి, మామూలు గొంతుతోనే అంది:

"రేపటిసంది ఎలుకలను మీరే పట్టుండ్రి సారూ."