పట్టుచీరకు కుదిరిన హోల్‌స్టర్

2023 వేసవి. అట్లాంటాకి ఉత్తరాన ఉన్న కమ్మింగ్ ఊళ్ళో, ఒక తుపాకుల షాపులో హోల్‌స్టర్ల కౌంటర్ నాది. కత్తికి ఒర ఎలాగో తుపాకీకి హోల్‌స్టర్ అలాగ. గుంటూరులో లెక్కల టీచరుగా చేసిన నేను ఇక్కడికొచ్చి ఆడవాళ్ళ నడుము కొలతలు తీసుకుని తుపాకులకు ఒరలు అమరుస్తున్నానంటే మా తెలుగు చర్చిలో ఇప్పటికీ నమ్మనివాళ్ళున్నారు. "ప్రైజ్ ది లార్డ్ సిస్టర్, ఇంకే ఉద్యోగమూ దొరకలేదా?" అని మా పాస్టరమ్మగారు ప్రతి క్రిస్మస్‌కీ అడుగుతారు. "దొరికింది సిస్టర్, ఇదే!" అంటాను. ఆవిడ నవ్వరు.

మా ఓనరు డేవ్ నన్ను పెట్టుకోవడానికి కారణం సులువుగానే తెలుస్తుంది. తుపాకీ దగ్గర ఉంచుకోవాలనుకునే ఆడవాళ్ళు ఏటేటా పెరుగుతున్నారు. కానీ గడ్డం పెంచిన సేల్స్‌మన్ ముందు చొక్కా అంచు పైకెత్తి నడుము చూపించడానికి ఎవరు ఒప్పుకుంటారు? పైగా హోల్‌స్టర్లు తయారుచేసేవాళ్ళు ఎప్పుడూ ఒకే మనిషిని దృష్టిలో పెట్టుకుంటారు. జీన్స్ వేసుకుని, మందపాటి తోలు బెల్టు బిగించిన, వంపు లేని నడుమున్న మగమనిషి. అదే ఒర ఆడమనిషికి పెడితే తుపాకీ పిడి వెళ్ళి పక్కటెముకల్లో పొడుస్తుంది. ఇక మన ఆడవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. లెగ్గింగ్స్‌కి ఎలాస్టిక్, సల్వారుకి బొందు, చీర లోపల లంగాకి నాడా. బెల్టన్న మాటే మన బీరువాలో లేదు.

ఒక మధ్యాహ్నం కౌంటర్ ఖాళీగా ఉన్నప్పుడు ఒకమ్మాయి వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. కుర్తీ, లెగ్గింగ్స్, భుజాన పెద్ద తోలు బ్యాగు. ఆ బ్యాగును చంటిపిల్లలా పొట్టకి అదుముకుని నిలబడింది. నా బ్యాడ్జి మీద పేరు చదివి, "గ్రేస్... మీరు తెలుగా ఆంటీ?" అంది.

"తెలుగే. కానీ ఆంటీ అంటే డిస్కౌంట్ ఉండదు. అక్కా అను."

కాస్త నవ్వింది. పేరు లావణ్య. వరంగల్ అమ్మాయి. షూటింగ్ రేంజ్ మెంబర్‌షిప్ ఎంత, క్లాసులు ఏ రోజుల్లో, ఆదివారం తెరుస్తారా అని ఏవేవో అడుగుతూ ఉంది. బ్యాగు మీద చెయ్యి మాత్రం తియ్యదు. చల్లకొచ్చి ముంత దాచేవాళ్ళను ఈ కౌంటర్ దగ్గర చాలామందిని చూశాను. "బ్యాగులో ఏముందమ్మా?" అని అడిగేశాను.

"గన్నే అక్కా. బయటికి తియ్య, భయపడకు. క్లాసులు కంప్లీట్ చేసినంకనే కొన్న. ఈ బ్యాగుకు గన్ కోసమే సెపరేట్ పాకెట్ ఉంటది. ఆన్‌లైన్‌ల ఆర్డర్ చేసిన. జిప్పు ఎంత స్మూత్‌గ వస్తదో చూడు."

తర్వాత అసలు సంగతి చెప్పింది. విడాకులై ఏడాదిన్నర. దగ్గరికి రాకూడదని మాజీ భర్త మీద కోర్టు ఇచ్చిన ప్రొటెక్టివ్ ఆర్డర్ ఉంది. అయినా అతను రెండుసార్లు ఆమె ఆఫీసు పార్కింగ్‌లో కారులో కూర్చుని కనిపించాడు. పోలీసులు వచ్చేలోపు వెళ్ళిపోయాడు. "నిన్నూ, పిల్లనూ వదల" అని మెసేజి పెట్టాడు. పిల్ల పేరు నిత్య, రెండో తరగతి. ఇంట్లో ఇద్దరే ఉంటారు.

"ఆర్డర్ కాగితం మంచిదే అక్కా. కానీ కాగితం తలుపుకు అడ్డం నిలబడదు కదా" అంది.

 నా పని నేను మొదలుపెట్టాను. బ్యాగులో తుపాకీ పెట్టుకోవడాన్ని మా వృత్తిలో ఆఫ్ బాడీ క్యారీ అంటారు, అంటే ఒంటి మీద కాకుండా వేరే వస్తువులో మోయడం. బ్యాగును దొంగ లాక్కోవచ్చనీ, కుర్చీకి తగిలించి మర్చిపోవచ్చనీ ఇక్కడి శిక్షకులందరూ చెబుతారు. లావణ్యకూ చెప్పారట. "నేను మర్చిపోయే మనిషిని కాదు" అందట. నేను వాళ్ళకు తట్టని ప్రశ్న ఒకటి అడిగాను.

"మనవాళ్ళింట్లో పార్టీకి పోతే బ్యాగు ఎక్కడ పెడతావు?"

బ్యాగు వైపు చూసుకుంది.

మన పార్టీ ఎలా ఉంటుందో మీకు తెలుసు. చెప్పులు గరాజ్‌లో, వంటలు వంటింటి మధ్య గట్టు మీద, ఆంటీల హ్యాండ్‌బ్యాగులన్నీ కింది బెడ్‌రూమ్‌లో మంచం మీద గుట్టగా. చేతులు ఖాళీ చేసుకుంటేనే కదా ప్లేటు పట్టుకునేది. కాసేపటికి పిల్లలు ఆ గదిలో చేరతారు. ఎవరి అమ్మ బ్యాగులో ఫోనుందో, ఎవరి ఆంటీ బ్యాగులో చూయింగ్ గమ్ ఉందో వాళ్ళకు కంఠతా వచ్చు. మనం అడ్డు చెప్పం. మన పిల్లలే కదా అంటాం.

లావణ్య బ్యాగును కౌంటర్ మీద పెట్టింది. "పోయిన శనివారం బర్త్‌డే పార్టీ ఉండె" అంది నెమ్మదిగా. "బ్యాగు మంచం మీదనే పెట్టిన. నిత్య వచ్చి, మమ్మీ నీ ఫోన్ తీసుకున్న అని చెప్పింది. నేను బిర్యానీ వడ్డిస్తున్న. సరే బేటా అన్న." కౌంటర్ అంచు పట్టుకుంది. "ఫోను గన్ పక్క పాకెట్‌లనే ఉండె అక్కా."

కుర్చీ వేసి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను.  తర్వాత, "వాడి నుంచి బిడ్డను కాపాడుకుందామని కొన్న. బిడ్డ చేతికి నేనే ఇచ్చేదాన్ని. అమ్మేస్త అక్కా, నాకొద్దు" అని ఏడ్చేసింది.

"అమ్మితే కొనుక్కుంటాం. మా వ్యాపారమే అది" అన్నాను. "మరి ఆ మనిషి సంగతి ఏం చేస్తావు?"

 తుపాకీ ఉంటే పిల్లకు ప్రమాదం, లేకపోతే ఇద్దరికీ ప్రమాదం. మధ్యలో ఉన్నది నేను అమ్మే ఒర ఒక్కటే. మంచి ఒరకు మూడు గుణాలుండాలని ఆమెకు చెప్పాను. ట్రిగ్గర్‌ను గట్టి కవచం పూర్తిగా కప్పాలి. దానికి వాడే గట్టి ప్లాస్టిక్‌ను కైడెక్స్ అంటారు. మనం తీస్తే తప్ప తుపాకీ బయటికి రాకూడదు, దాన్ని రిటెన్షన్ అంటారు. మనిషి ఎటు కదిలినా ఒర మాత్రం ఉన్నచోటే ఉండాలి. ఇంట్లో ఉన్నప్పుడు వేలిముద్రతో తెరుచుకునే చిన్న సేఫ్‌లో, బయటికెళ్తే ఒంటి మీద, మూడో చోటు లేదు.

కళ్ళు తుడుచుకుంది. "నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌ల ఉంట అక్కా. మంచిగ నడుస్తున్నదాన్ని ఎట్ల ఖరాబు చెయ్యాల్నో చూసుడే నా జాబు. అన్నీ తీయి. నేను టెస్ట్ చేస్త."

అలా మొదలైంది. ఆ వేసవంతా వారానికోసారి వచ్చింది. ప్రయత్నాలన్నీ బ్లూ గన్‌తోనే. అది అసలు తుపాకీ అంత బరువూ ఆకారమూ ఉన్న నీలం రంగు ప్లాస్టిక్ బొమ్మ, అది పేలదు. మొదట బెల్లీ బ్యాండ్ ఇచ్చాను, పొట్ట చుట్టూ చుట్టుకునే వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ. ఆఫీసు కుర్చీలో బాగానే ఉంది. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని లేవగానే పైకి జరిగింది. "ఫెయిల్" అని పక్కన పడేసింది. తొడకు కట్టుకునేది మెట్లెక్కితే జారింది. అదీ ఫెయిల్. కందిపప్పు బస్తా ఎత్తింది, కారు వెనక సీట్లో పిల్లకు బెల్టు పెట్టినట్టు వంగింది, పెద్దల కాళ్ళకు దండం పెట్టినట్టు నేలను తాకింది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. నా కౌంటర్‌లో సగం సరుకుకు ఆమె ఫెయిల్ మార్కు వేసింది. నాకు కోపం రావాల్సింది. కానీ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను.

చివరికి మిగిలింది సొంత బెల్టుతో వచ్చే హోల్‌స్టర్. సన్నటి గట్టి పట్టీ తుంటి ఎముకల మీద బిగుసుకుంటుంది. బట్టలతో దానికి సంబంధం లేదు, లెగ్గింగ్సయినా లంగా అయినా ఒకటే. "ఇది కుర్తీ కింద పాస్" అంది లావణ్య. "ఇగ చీర."

"చీరెందుకే?"

"బతుకమ్మ వస్తున్నది కదా అక్కా. నేను పోకపోతే వాడు గెలిచినట్టే. పోతే చీరల్నే పోత."

మరుసటి వారం ముదురాకుపచ్చ పట్టుచీర కట్టుకుని షాపులోకి వచ్చింది. రైఫిళ్ళు చూసుకుంటున్న ఇద్దరు మగవాళ్ళు పక్కకు జరిగి దారిచ్చారు. లంగా మీద బెల్టు, బెల్టుకు కుడి పక్కన ఒర, కైడెక్స్ ఒంటికి ఒరుసుకోకుండా లోపల నేను కుట్టిచ్చిన మెత్తటి నూలు గుడ్డ. దాని మీద చీర. పల్లూ మడతలు పెట్టి పిన్ను కొడితే నడుము బయటపడుతుంది కాబట్టి ఒంటిపొరగా వదిలాం. బట్ట మీద తుపాకీ ఆకారం తేలడాన్ని ప్రింటింగ్ అంటారు, దాగి ఉండాల్సిన ఆయుధానికి అదే పెద్ద శత్రువు. అద్దం ముందు ఎటు తిప్పి చూసినా ఏమీ తేలలేదు. ఇన్నేళ్ళ వృత్తిలో చెబుతున్నాను, తుపాకీని దాచడానికి పట్టుచీరంత మంచి బట్టను ఏ అమెరికన్ కంపెనీ కూడా నాకు చూపించలేదు.

అప్పుడు, ఆ షాపు మధ్యలో, లావణ్య బతుకమ్మ ఆడింది. నిజంగానే ఆడింది. నేల మీద తూటాల డబ్బా ఒకటి పెట్టి, దాని చుట్టూ వంగుతూ, చప్పట్లు కొడుతూ, లేస్తూ, తిరుగుతూ. డేవ్ కాఫీ కప్పుతో వచ్చి నిలబడిపోయాడు. "గ్రేస్, ఏం చేస్తోంది ఆవిడ?" అని గుసగుసగా అడిగాడు. "క్వాలిటీ కంట్రోల్" అన్నాను. నాలుగు చుట్లు తిరిగాక పిడి పక్కటెముకకు తగిలిందని ఆగింది. ఒరను వేలెడు కిందికి దించాం. మళ్ళీ ఆడింది. ఈసారి చెమటలు పట్టేదాకా ఆడింది. కదల్లేదు.

తీయడం కూడా నేర్చుకోవాలి కదా. ఎడమ చేత్తో పల్లూ అంచు ఎత్తడం, కుడి చేత్తో పిడి అందుకోవడం బాగా కుదిరాయి. ఇంకా వేగం పెంచమన్నాను. ఆమె అడ్డంగా తలూపింది. "సగంల ఆపుడు నేర్పు అక్కా. చెయ్యి పిడి మీదికి పోయినంక, వద్దనుకుంటే ఉత్త చెయ్యి బయటికి రావాలె. నాకు వాని కంటే నా కోపమంటేనే భయం." ఈ మాట ఏ కస్టమరూ ఎన్నడూ నాతో అనలేదు. మగవాళ్ళయితే అసలే అనలేదు. ఆ రోజంతా మేం ఆపడమే సాధన చేశాం. 

బతుకమ్మ అయిన మూడో రోజు మళ్ళీ వచ్చింది. మామూలు కుర్తీలో, మామూలుగా. నిత్య ఫ్రెండ్ ఇంట్లో ఉందంది. నా ముందు కుర్చీలో కూర్చుని చెప్పింది.

ఆట వాళ్ళ ఇళ్ళ కాలనీ క్లబ్‌హౌస్ ముందు పచ్చికలో. ఎండ ఇంకా దిగలేదు. నిత్య పిల్లలతో ఆడుకుంటోంది. ఆట మధ్యలో తలెత్తి చూస్తే పార్కింగ్‌లో అతను. కారు దిగి, నవ్వుతూ, పిల్లలున్న వైపుకే నడుస్తున్నాడు. లావణ్య వరసలోంచి బయటికొచ్చి స్నేహితురాలితో, "నిత్యను పట్టుకో, 911కి ఫోన్ చెయ్" అని చెప్పి, అతనికీ పిల్లలకీ మధ్యకు వెళ్ళి నిలబడింది.

"అక్కడ్నే ఆగు అన్న. ఆగలే. ఏం చేస్తవే అనుకుంట వస్తున్నడు. చెయ్యి దానంతటదే పల్లూ కిందికి పోయింది అక్కా. పిడి దొరికింది. వాని చేతులు చూసిన. రెండూ ఖాళీ. ఇంకా కారంత దూరం ఉన్నడు. ఇంకో నాలుగడుగులు వేస్తే ఏం చేస్తనో నాకే తెల్వదు."

అంతలో నిత్య స్నేహితురాలి చెయ్యి విడిపించుకుంది. పరుగెత్తుకుంటూ వచ్చి తల్లి నడుమును రెండు చేతులతో గట్టిగా కరుచుకుంది. దాని చెంప సరిగ్గా ఒర మీద. పల్లూ అంచు దాని పిడికిట్లో.

"అప్పుడు చెయ్యి తీసిన" అంది లావణ్య. "ఉత్త చెయ్యే వచ్చింది. దాని తల మీద పెట్టిన. పెట్టి, ఇగ గట్టిగ అరిచిన. ఇన్నేండ్లల్ల ఎన్నడూ అరవలే అక్కా. ఆట ఆగిపోయింది. ఆడోళ్ళందరూ వచ్చి నా వెనక నిలబడ్డరు. అంతమందిని చూసి వాడు ఆగిండు."

పోలీసులు వచ్చేదాకా అలాగే నిలబడ్డారట. పోలీసాయన దగ్గరికి రాగానే రెండు చేతులూ పైకెత్తి, నా దగ్గర గన్ ఉందని ముందే చెప్పిందట. అతన్ని కోర్టు ఉత్తర్వు మీరినందుకు తీసుకెళ్ళారు. ఇప్పుడు జైల్లో ఉన్నాడు, కేసు నడుస్తోంది.

"కార్ల కూర్చున్నంక నిత్య అడిగింది, మమ్మీ నీ టమ్మీ దగ్గర హార్డ్‌గ ఏముంది అని. చెప్పిన. అంతా చెప్పిన." కుర్తీ మీంచే ఒర మీద చెయ్యి వేసింది. "అన్నీ టెస్ట్ చేసినం కదా అక్కా. కూర్చునుడు, వంగుడు, ఎత్తుడు, ఆడుడు. బిడ్డ వచ్చి పట్టుకుంటదని మనకు తోచనే లేదు. అయినా కదలలే. ఇంత కూడా కదలలే."

 లేచి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ నీలం బొమ్మను పట్టుకుని నేనెన్నో పాఠాలు చెప్పాను. తుపాకీని బయటికి తీయడమే విద్య అనుకునేవాళ్ళ మధ్య బతుకుతున్నాను. పిడి దాకా వెళ్ళిన చేతిని వెనక్కి తీసి బిడ్డ తల మీద పెట్టగల మనిషిని అంతకుముందు నేను చూడలేదు.

అప్పటినుంచి ఒర కోసం తల్లులెవరొచ్చినా చివరి పరీక్ష ఒకటి పెడుతున్నాను. కౌంటర్ దాటి బయటికొచ్చి, కీళ్ళు మూలుగుతున్నా మోకాళ్ళ మీద కూర్చుని, చిన్నపిల్ల ఎత్తుకు దిగి, రెండు చేతులతో ఆవిడ నడుమును గట్టిగా వాటేసుకుంటాను. కొందరు కితకితలకు నవ్వుతారు. కొందరు ఏమీ అనకుండా నా తల మీద చెయ్యి వేస్తారు. నా చెంప కింద ఏమాత్రం కదిలినా ఆ ఒరను అమ్మను.