కమాన్లకు కొబ్బరినూనె

మా యువ సింఫనీ ఆర్కెస్ట్రా కచేరీకి గోదావరి అవతలి నుంచి కూడా జనం వచ్చారని చాలామందికి చెప్పాను. వచ్చిన మాట నిజమే. బస్సు తప్పిపోయి, వానకు మా హాలు వసారాలో నిలబడ్డ దంపతులు వాళ్లు. బోర్డు మీద ‘సింఫనీ’ అని రాయించింది కూడా నేనే. ఉన్నవి కొన్ని వయొలిన్లు, ఒక హార్మోనియం, పెళ్లి బ్యాండులో వాయించే అన్నదమ్ముల క్లారినెట్లు. ముహూర్తాల రోజుల్లో ఆ క్లారినెట్లు కూడా ఉండవు.

ఆశయమేమిటని అడిగితే ఉపన్యాసం దంచేవాణ్ణి. ఉన్నది ఒక్కటే: ఏ పేట పిల్లలైనా ఒకే బల్ల మీద కూర్చుని, పక్కవాళ్ల వాయింపు వింటూ వాయించాలి. అందుకోసం తల్లిదండ్రులను బతిమాలీ బతిమాలీ నా గొంతు అరిగిపోయింది.

కిందటి శ్రావణంలో చర్చి పెద్ద ఒకాయన వచ్చారు. హాలు వాళ్లదే.

“కోచింగువాళ్లు హాలు అడుగుతున్నారండీ మాస్టారూ. ఈసారి వార్షికోత్సవం చూసి చెబుతాం. బాగుంటే మీదే. లేదంటే మీరే అర్థం చేసుకోవాలి.”

ఆ హాలు పోతే అమలాపురంలో మాకు మరో చోటు లేదు.

వార్షికోత్సవం నాడు క్లారినెట్లు పెళ్లికి వెళ్లిపోయాయి. పిల్లలు బీరువాలోని కమాన్లు అందుకుని వయొలిన్ల మీద లాగారు. చప్పుడు లేదు. తీగల మీద కమాన్లు జర్రున జారిపోతున్నాయి. ఒకటి తీసుకుని వాసన చూశాను. కొబ్బరినూనె!

హాలు ఊడ్చే మామ్మగారు తలుపు దగ్గర మురిసిపోతూ నిలబడి ఉన్నారు. ముందు వరసలో వాయించే పిల్లకు ఆవిడ నాయనమ్మ.

“మీరేనా మామ్మగారూ?”

“ఆయ్, నేనేనండీ. కమాన్లకి కట్టింది గుర్రం జుట్టని మీరే చెప్పేరు కదండీ. ఎండిపోయి పీచులా ఉంటే మనసొప్పలేదు. పొద్దున్నే కూర్చుని అన్నింటికీ పట్టించేను. మంచి గానుగ నూనేనండీ.”

“దానికి జిడ్డు కాదండీ, పట్టు ఉండాలి. రోజిన్ బిళ్ళ రుద్దేది అందుకే.”

“అయితే ఇప్పుడే తలంటి పోసెయ్యనా?”

“నాయనమ్మా, నువ్వూరుకో!” అని మనవరాలు తల పట్టుకుంది.

నాకు కోపం కూడా రాలేదు. కమాన్లు కింద పెట్టేసి, వేళ్లతో మీటమన్నాను. రేకుల మీద తొలి చినుకులు పడ్డట్టు మీటారు. అంత సన్నని చప్పుడులో పక్కవాళ్లను వినకపోతే కుదరదు. విన్నారు.

హాలంతా లేచి నిలబడిందని తర్వాత అందరికీ చెప్పాను. లేచిన మాట నిజమే. అప్పుడే పులిహోర పొట్లాలు వచ్చాయి.

చర్చి పెద్దాయన చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు. “బాగుందండీ మాస్టారూ. ఇలా మీటుకుంటే గోల లేదు. హాలు కోచింగుకిచ్చేస్తాం, వసారా మీరుంచుకోండి. ఆళ్ల చదువుకి అడ్డం రాకుండా ఇలాగే కానివ్వండి.”

ఇప్పుడు ఆదివారాలు వసారాలో మీటుతున్నాం. లోపల ఫిజిక్సు సూత్రాలు వల్లె వేస్తుంటారు. కడిగి ఆరబెట్టిన కమాన్లు బీరువాలోనే ఉన్నాయి. మామ్మగారు వాటిని తీసి, కొంగుతో దుమ్ము దులిపి, మళ్లీ లోపల పెడతారు.

“వీటితో ఎప్పుడు వాయిస్తారండీ?” అని మొన్న అడిగారు.

వేసవికల్లా కోచింగువాళ్లు ఖాళీ చేసేస్తారని చెప్పాను. ఆ మాట నాతో ఎవరూ అనలేదు.