భేది ఉప్పు నీళ్లు

నీళ్లు మోసీ మోసీ ఓబుళమ్మ చీలమండలు వాచిపోయాయి. అది యాభై రెండు నాటి కరువు. ఊళ్లో బావులన్నీ ఎండి, దూరాన ఏట్లో తోడిన చెలమే దిక్కయింది.

రాయచోటి ఆసుపత్రిలో కాంపౌండరు భేది ఉప్పు పొట్లం చేతికిచ్చి, "ఇది తాగేదానికి కాదమ్మా. కడవెడు వేణ్నీళ్లలో కలిపి రోజూ కాళ్లు నానబెట్టుకో, వాపు తీస్తాది" అన్నాడు.

"కడవెడా? ఆ కడవలు మోసే కదప్పా కాళ్లిట్లయింది!" అని ఓబుళమ్మ గయ్యిమంది. ఆయన అప్పటికే ఇంకొకరి పుండు కడుగుతున్నాడు.

ఆ సాయంత్రం మనసొప్పకపోయినా బానలో వేణ్నీళ్లు పోసి, ఉప్పు కలిపి కాళ్లు పెట్టింది. నిజంగానే సలుపు తగ్గింది. ఆ హాయికి కళ్లు మూతలు పడ్డాయి.

తెరిచేసరికి పెరట్లోని తన బర్రె వచ్చి బానలో మూతి పెట్టబోతోంది. పొద్దుటినుంచి దానికి కుడితి లేదు.

"తాగితే పారుడు పట్టి సస్తావే!" అని మూతి మీద ఒక్కటేసి, నీళ్లన్నీ నేల మీద పారబోసింది. బర్రె ఆ తడిమట్టినే చూస్తూ నిలబడింది.

ఓబుళమ్మ పొట్లాన్ని చూరులో దోపి, కడవ చంకనెత్తుకుని ఏటిదారి పట్టింది. కాళ్లు తేలిగ్గానే ఉన్నాయి. ఆ తేలికంతా బర్రెకు కడవెడు నీళ్లు తెచ్చేదానికే సరిపోయింది.