నరసమ్మ వదిన కోసిన చేంతాడు

దెయ్యాల సంగతి ఎత్తితే నేను ఊరుకునే మనిషిని కాను. బి.ఏ.లో తర్కం చదివాను, ఇంట్లో అంతకంటే ఎక్కువ వాడాను. మా విజయనగరం వీధిలో ఎవరింట్లో ఏ నీడ కదిలిందన్నా, ఆరేసిన చీరేమో చూసి రమ్మనేదాన్ని. ఇప్పటికీ అదే అంటాను. ఇది మాత్రం నాకే జరిగింది కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అరవైల చివర్లో మావారికి ఇథియోపియాలో లెక్కల మాస్టారి ఉద్యోగం వచ్చింది. మా పాపకు అప్పటికి ఏడాది నిండలేదు.

మావారి అక్క నరసమ్మ వదిన ఎచ్చెర్ల దగ్గర పల్లెలో ఉండేది. భర్త పోయాక పొలం తనే చూసుకునేది. పిల్లల్లేరు. నా పురుడు ఆ ఇంట్లోనే జరిగింది. పుట్టిన నాటి నుంచి పాపకు నీళ్ళు పోసింది ఆవిడే. పాపను మాతో పంపేది లేదని తెగేసి చెప్పింది.

"మీరెల్లండి. ఇల్లు కుదిరినాక గుంటని తీసుకెల్దురు గాని. పాలు తాగే గుంటకి ఆ దేశం నీళ్ళు పడకపోతే ఏటి సేస్తావే?"

నేను ఊరుకుంటానా? కాచి పోస్తానన్నాను. అక్కడా ఆసుపత్రులున్నాయన్నాను. కన్నతల్లికి లేని బాధ నీకెందుకని కూడా అనేశాను. ఆవిడ మాటకు మాట అప్పజెప్పింది. మేమిద్దరం మొదలుపెడితే మావారు చొక్కా తగిలించుకుని ఊరి మీదకు పోయేవారు.

ఓ మధ్యాహ్నం వదిన పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, సరే తీసుకెళ్ళమంది. పెట్టె మాత్రం తనే సర్దుతానంది. నా వాదన గెలిచిందని నేను పొంగిపోయాను.

ఆ సర్దడం చూసి తీరాలి. కళింగపట్నం ఒడ్డున నిలబడి సముద్రాన్ని చూడటమే తప్ప పడవైనా ఎక్కని మనిషి. గిన్నెలో గిన్నె, దానిలో చెంబు, వేటి మధ్యా వేలు దూరే సందు లేదు. ఊరగాయ జాడీలకు పాత నూలుచీరలు చుట్టింది. ఖాళీల్లో గడ్డి కుక్కుదామంటే ఒప్పుకోక చోళ్ళు, అదే రాగులు, పోసింది. గడ్డయితే అక్కడ పారేస్తారు, చోళ్ళయితే గుంటకి అంబలి కాస్తారని ఆవిడ లెక్క. అన్ని లారీలు మారి, అంత సముద్రం దాటినా ఒక్క జాడీ పగల్లేదు. మా మాస్టారి లెక్కలు కూడా అంత తిన్నగా ఉండవు.

అన్నిటికన్నా పైన ఇత్తడి చేద, చేంతాడు పెట్టబోయింది. అక్కడ కుళాయిలుంటాయి, పరువు తీయొద్దన్నాను. వినలేదు. పైగా కొత్త తాడును కొడవలితో కోసి, పెద్ద ముక్క పక్కకు విసిరేసి, చిన్న ముక్క పెట్టెలో పెట్టింది. మా వైపు నూతుల్లో ఆ ముక్క సగానికైనా దిగదు.

దీంతో ఏం చేదుతామని అడిగాను.

"అక్కడ నీళ్ళు మీదకే ఉన్నాయి. ఇంతే సాలు," అంది, నిన్న చూసొచ్చినట్టు.

అక్కడ మేం దిగబోయే ఇల్లేదో అప్పటికి మాకే తెలియదు. ఇది గుర్తుంచుకోండి.

బొంబాయిలో ఓడ ఎక్కాం. పెట్టె సరుకుల ఓడలో వెనక వస్తుందన్నారు. అవతలి రేవులో దిగి, కొండల మీద ఒక చిన్న ఊరు చేరాం. రేకుల కప్పున్న ఇల్లొకటి మావారు వెతికి పట్టుకున్నారు. అద్దెకిచ్చిన ఇంటావిడ అదే ఆవరణలో ఉండేది. చలిగాలి, నీలగిరి చెట్లు, కాఫీ గింజలు వేయించే వాసన. కుళాయి కూడా ఉంది. వదినకు రాయాలని సంబరపడ్డాను.

వానలకు కొండచరియ జారి నీటి గొట్టం తెగింది. కుళాయి ఆగిపోయింది. వాగునీళ్ళు గాడిదల మీద తెచ్చి అమ్మేవారు. ఎన్ని మడతల బట్టలో వడకట్టినా ఎర్రగానే ఉండేవి. పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. కళ్ళు గుంటలు పడి, ఏడ్చే ఓపిక కూడా పోయింది. ఆసుపత్రి నర్సు మందిచ్చి, మంచినీళ్ళు కాచి పడుతూనే ఉండమంది. మంచినీళ్ళు ఎక్కడివి? పిల్లను ఒళ్ళో వేసుకుని, వదిన మాట వినకపోతినే అని మొదటిసారి అనుకున్నాను.

ఆ పూటే పెట్టె వచ్చింది. మావారు మూత ఊడదీశారు. పైన చేద, తాడు. ఇంటావిడ వాటిని చూసి, నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళింది. కలుపు పీకి, కింద పలకలు చూపించింది. పలకల కింద నుయ్యి. అది తన తల్లి తోడుకున్న నుయ్యనీ, ఆవిడ పోయాక మూసేశామనీ, నీళ్ళు మంచివనీ సైగలతో చెప్పింది.

చేద దించాను. నీళ్ళు తగిలేసరికి నా చేతిలో పిడికిలికి ఒక చుట్టు తాడు మిగిలింది. అంతే. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. కాచి పట్టాం. పాప నిలదొక్కుకుంది. ఆ వారంలోనే మళ్ళీ నా జుట్టు పీకడం మొదలెట్టింది.

పొడుగు తాడైనా పని జరిగేది కదా అంటారా? జరిగేది. ఆ వాదన మీకంటే ముందు నేనే చేసుకున్నాను. మరి కొత్త తాడు ఎందుకు కోసింది?

రెండేళ్ళ తరవాత సెలవులకొచ్చి, పాపను వదిన ఒళ్ళో కూర్చోబెట్టి ఆ ప్రశ్నే అడిగాను. ఆవిడ పాప అరికాళ్ళు నిమురుతూ, ఆ ముసలామె ఏమైనా ఆనవాలిచ్చిందా అని నన్నే అడిగింది. ఏ ముసలామె అన్నాను.

"నాను సరేనన్న నాడు, నువ్వుల సేలో కలుపు తీస్తంటే గట్టు మీద కూకున్నాదే. తెల్లగుడ్డ కప్పుకున్నాది. నుదుటి మీద అడ్డం నిలువు పచ్చబొట్టు. ఎడం సేతికి సిటికెనేలు లేదు. గుంటని అంపీమన్నాది, నీళ్ళు తనిస్తానన్నాది. లోతెంతని అడిగితే సేతుల్తో సూపించినాది."

ఆ కొండల్లో ముసలమ్మలకు నుదుట సిలువ పచ్చబొట్టు ఉంటుంది. మేమెప్పుడూ ఆ సంగతి రాయలేదు, ఫోటో పంపలేదు. అయినా నేను నేనే కదా, ఆవిడకు తెలుగెలా వచ్చిందని నిలదీశాను.

"నీళ్ళ మాటకి బాసేటే?" అంది వదిన.

తిరిగి వెళ్ళాక, అప్పటికి వచ్చిన నాలుగు ముక్కల ఆ దేశపు భాషలో, ఇంటావిడను తల్లి ఎలా ఉండేదని మాత్రమే అడిగాను. ఇంకేమీ చెప్పలేదు. ఆవిడ తల మీది గుడ్డ సర్ది చూపించింది. నుదుట వేలితో గీత గీసి చూపించింది. చివరికి ఎడమ చెయ్యి పైకెత్తి, చిటికెన వేలు మడిచింది.

పచ్చబొట్టుకు ఏదో సమాధానం వెతుక్కోగలను. ఆ వేలికి మాత్రం నా దగ్గర సమాధానం లేదు. మా పాప ఇప్పుడు కాలేజీలో తర్కమే చదువుతోంది. దానికీ దొరకలేదు. ఆ మధ్యాహ్నం వదినను ఒప్పించింది నా వాదన కాదని ఒప్పుకుంటున్నాను. నేను వాదనలో ఓడిన సందర్భం అదొక్కటే. ఎవరి చేతిలో ఓడానో, ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోతున్నాను.