మలుపు అవతలి హారన్

దయ్యాల ముచ్చట నా దగ్గర ఎత్తొద్దని మా ఇంట్లో అందరికీ తెలుసు. జహీరాబాద్‌లో ఆడవాళ్ళకు కారు నేర్పుతాను. చచ్చినవాళ్ళు రోడ్డుకు అడ్డం రావడం నేనెప్పుడూ చూడలేదు. బతికున్నవాళ్ళే వస్తారు, అదీ మలుపులో ఓవర్‌టేక్ చేస్తూ.

నా దగ్గరికి వచ్చిన వాళ్ళందరికీ మలుపు గురించి ఒకే పాఠం చెప్తాను. వేగం మలుపుకు ముందే, బండి తిన్నగా ఉన్నప్పుడే తగ్గించాలి. తిప్పుతూ బ్రేకు తొక్కితే బండి మాట వినదు. చూపు బానెట్ మీద పెట్టకూడదు, రోడ్డు ఎక్కడిదాకా కనిపిస్తే అక్కడ పెట్టాలి. బయటికి పోయే దారి కనిపించాకే యాక్సిలరేటర్. ఇంతే. ఇది ఒంటపట్టినవాళ్ళు వేగంగానూ పోతారు, క్షేమంగానూ చేరతారు.

కొన్నేళ్ళ కిందట, చెరుకు కొట్టే కాలం. మధ్యాహ్నం పూట మా చెల్లెలు సుజాతను రాయికోడ్ దగ్గరున్న దాని అత్తగారి ఊరి నుంచి జహీరాబాద్ ఆసుపత్రికి తీసుకొస్తున్నాను. దానికి నెలలు నిండాయి. నొప్పులకంటే ముందే రక్తం పోవడం మొదలైంది. అంబులెన్స్ వచ్చేదాకా ఆగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. వెనక సీట్లో అమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుని, "జర ఓర్సుకో బిడ్డా, వచ్చినం, గిదే వచ్చినం" అంటోంది. లోపల చచ్చేంత భయంగా ఉన్నా, చూపు రోడ్డు మీదే పెట్టి నడుపుతున్నాను.

ఆ దారిలో ఒక పెద్ద ఎడమ మలుపు ఉంది. రెండు పక్కలా చెరుకు పెరిగితే అవతల ఏమీ కనిపించదు. మా వైపు ఒక అలవాటుంది. చెరుకు ట్రాక్టరు మలుపు అవతల ఆగిపోతే, డ్రైవర్ ఇవతల రోడ్డు మీద చెరుకాకు పరిచి పోతాడు. ఆకు కనిపిస్తే నెమ్మదిస్తాం. కనిపించకపోతే దారి ఖాళీ అని నమ్మేస్తాం.

ఆ రోజు రోడ్డు శుభ్రంగా ఉంది. పక్కన నాలుగు బర్రెలు ఏదో నములుతూ నిలబడ్డాయి. ఏం నములుతున్నాయో నేను పట్టించుకోలేదు. మూడో గేరులోనే తిప్పేద్దామనుకుని, అలవాటు కొద్దీ హారన్ కొట్టాను.

జవాబు వచ్చింది. పాత లారీ హారన్‌లా పొడుగ్గా, బొంగురుగా, చాలా దగ్గర నుంచి.

పెద్ద బండి ఏదో ఎదురొస్తోందనుకున్నాను. తిన్నగా ఉండగానే బ్రేకు తొక్కి, రెండో గేరుకు తెచ్చి, ఎడమ అంచు పట్టుకుని మెల్లగా తిప్పాను. ఎదురుగా చెరుకు లోడు. రెండు ట్రాలీల ట్రాక్టరు రోడ్డును చాలావరకు ఆక్రమించి ఆగి ఉంది. కారు దాన్ని తాకీ తాకకుండా ఆగింది. మూడో గేరులో వచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు.

ట్రాక్టరు మీద ఎవరూ లేరు. దాని అవతల చాలా దూరం దాకా రోడ్డు మీద ఒక్క బండీ లేదు. పక్కకు తిరిగే దారి కూడా లేదు, ఉన్నదంతా చెరుకే. కుడి పక్క సందులోంచి కారు దాటిస్తుంటే, ట్రాక్టరు డ్రైవర్ ఎదురుగా నడిచి వచ్చాడు.

"హారన్ నువ్వే కొట్టినవా తమ్మీ?" అని అడిగాను.

"నేనేడ కొట్టిన అక్కా? బ్యాటరీ ఖరాబైతే ఇప్పుకొని పోయిన. ఊర్లెకెళ్లి ఇంకోటి తెస్తున్న," అని భుజం మీది బ్యాటరీ చూపించాడు. "ఆకు ఏసే పోయిన గదా, కనవడలేదా?"

బర్రెలు తిన్నది అదేనని అప్పుడు అర్థమైంది.

సుజాతకు వెంటనే ఆపరేషన్ చేశారు. తల్లీ బిడ్డా దక్కారు. ఆడపిల్ల. ఆ సాయంత్రం ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను.

తర్వాత అడిగితే, సుజాత తనకేమీ వినిపించలేదంది. అమ్మ వింది. కానీ ఆ హారన్ మా వెనక నుంచి వచ్చిందని ఇప్పటికీ అంటుంది. తిరిగి చూస్తే రోడ్డు మీద ఎవరూ లేరట. ప్రతిధ్వనేమోనని మరో రోజు పోయి చాలాసార్లు కొట్టి చూశాను. ఏమీ రాలేదు. పైగా నా కారు హారన్ సన్నటిది.

ఇప్పుడు సుజాత కూతురు నా పక్క సీట్లో కూర్చుని ఆ దారిన వస్తుంటుంది. మలుపు దగ్గర హారన్ కొట్టి అద్దం దించుతాను. "ఎందుకు దించుతవ్ పెద్దమ్మా?" అంటుంది. గాలి కోసమంటాను. నిజం చెప్దామంటే, అది నాకూ తెలియదు.