మధ్యాహ్నం తెరుచుకునే వేళ్ళు

నా వేళ్ళ నొప్పులు రెండో కాన్పు తర్వాత మొదలయ్యాయని మా తోటికోడలు బతికినన్నాళ్ళూ చెప్పింది. అది తప్పు. ఏ సంగతినైనా ఎవరిదో ఒకరి కాన్పుతో ముడిపెట్టి గుర్తుంచుకోవడం ఆమె అలవాటు. నా రెండో బిడ్డ అప్పటికే వీధిలో పరుగెత్తుతున్నాడు. నొప్పులు మొదలైంది నిజాం సర్కారు లెక్కన 1350 ఫసలీ పుష్యమాసంలో. ఇంగ్లీషు లెక్కన పందొమ్మిది వందల నలభై ఒకటో సంవత్సరం మొదట్లో. గద్వాలలో మా వీధి పొడుగునా నేతకు నిలువు పోగుల పడుగు సాగదీసి తెల్లవారుజామున గంజి పెడుతుంటే, నా చేతిలోని కుంచె జారి మట్టిలో పడింది. వంగి తీయబోతే వేళ్ళు సగం ముడుచుకుని అక్కడే బిగిసిపోయాయి.

"ఏందే, గంజి కుంచె మట్టిల పారేస్తివి?" అంది మా అత్త.

"వేళ్ళు వస్తలేవత్తా."

"వస్తలేవంటే ఏడికి పోయినయే? ఘణపూర్ల మీ అమ్మగారింటికి పోయినయా?"

పడుగుకు అటువైపూ ఇటువైపూ ఉన్న ఆడవాళ్ళందరూ నవ్వారు. పొద్దెక్కేసరికి వేళ్ళు వాటంతటవే తెరుచుకున్నాయి కనుక నేను కూడా ఊరుకున్నాను. మర్నాడు తెల్లవారుజామున మళ్ళీ బిగిశాయి. ఆ మర్నాడు మణికట్లు కూడా వాచాయి.

మా ఇంట్లో మగవాళ్ళు మగ్గం గుంటలో కూర్చుని నేసేవాళ్ళు. మిగతా పనంతా ఆడవాళ్ళది. అందులో నాది అచ్చు అతకడం. అచ్చంటే మగ్గంలో పడుగు పోగులు ఒక్కొక్కటీ దూరే దువ్వెనలాంటిది. పాత పడుగు నేసి అయిపోవచ్చినప్పుడు దాని కొసలను అచ్చులోనే వదిలేస్తారు. కొత్త పడుగులోని ఒక్కొక్క పోగును ఆ పాత కొసతో కలిపి, వేలికి కాస్త బూడిద అద్దుకుని మెలిపెట్టాలి. ముడి వేయకూడదు, వేస్తే అచ్చులోంచి దాటదు. గద్వాల చీరకు నడుమంతా నూలు, అంచులు పట్టు. నూలు ఎవరైనా అతుకుతారు. పట్టు పోగు జారుతుంది, అది బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య తెలియాలి. మా వీధిలో పట్టు అంచు నాకంటే బాగా అతికేవాళ్ళు లేరు. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. చెప్పకపోతే ఏం పోయేదో చదివేవాళ్ళకు తెలియదని చెబుతున్నాను. ముతక పంచెలు నేసే ఇంటి నుంచి వచ్చిన కోడలిని ఆ ఇంట్లో మనిషిగా చూశారంటే ఆ రెండు వేళ్ళను చూసే.

ఆ వేళ్ళు బిగుసుకున్నాయని తెలియగానే వైద్యులు పుట్టుకొచ్చారు. మా వీధిలో నేత తెలియని ఇళ్ళు ఒకటో రెండో ఉండేవేమో కాని, వైద్యం తెలియని ఇల్లు లేదు. ఒకామె వంకాయ మానమంది. ఒకామె శనగపప్పు మానమంది. ఇంకొకామె తల స్నానం మానమంది. ఆమె అప్పటికే మానేసినట్టు దగ్గరికి వస్తే తెలిసేది. అన్నీ మాని చూశాను. నేను చిక్కాను, వేళ్ళు చిక్కలేదు.

తర్వాత మా అత్త ధరూరు నుంచి ఒక నూనె మనిషిని పిలిపించింది. ఆయన నా చేతిని తిప్పి చూసి, వాతం నరం దారి తప్పి వేళ్ళలోకి వచ్చిందన్నాడు. నరం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను.

"గది నీకు చెప్తే తెల్వదు బిడ్డా."

"మీకు తెల్సా?"

మా అత్త నా మోకాలి మీద గిల్లింది. ఆయన కోప్పడలేదు, అలవాటైనవాడు. సీసాలో నల్లటి తైలం ఇచ్చాడు. దానితో తగ్గకపోతే రెండు మణికట్ల మీద చురకలు పెడతానని, ఇనుప కడ్డీ తనే తెచ్చుకుంటానని చెప్పి పోయాడు. కడ్డీ తెచ్చుకోవడం ఆయన చేసే ధర్మంలాగా చెప్పాడు.

తైలం ఒక పక్షం రాయించుకున్నాను. వాసనకు పిల్లలు పక్కలోకి రాలేదు, అది తప్ప వేరే ఫలితం లేదు. ఇక చురకల మాట లేచింది. మా తోటికోడలు ఓదార్చడానికి కూర్చుంది.

"జర ఓర్చుకో చెల్లె. మా చిన్నమ్మకు పెట్టినంక మళ్ళ నొప్పన్న మాటే ఎత్తలే."

"నొప్పి పోయిందా అక్కా, మాట పోయిందా?"

"ఏమో, ఆమె మాట్లాడేదే తక్కువ."

కాలిన మణికట్టుతో పట్టు పోగు పట్టడం ఎలాగో ఎవరూ ఆలోచించలేదు. వాళ్ళకు నా నొప్పి పోవాలి. వేళ్ళు ఏమైనా సరే. ఆ రాత్రి అన్నాల దగ్గరే మా ఇంటాయనతో చెప్పాను, కడ్డీ గడప దాటితే నేను గడప దాటి ఘణపూర్ పోతానని, పట్టు అంచులు మీ అమ్మ చేత అతికించుకోమని. ఆయన మాటలు తక్కువ మనిషి. ముద్ద మింగి, "రేపు దవాఖానకు పోదాం" అన్నాడు. ఆయన నాకు చేసిన పెద్ద ఉపకారం అదే. అది కూడా అంచులు గుర్తొచ్చి చేశాడని నా అనుమానం.

దవాఖానలో డాక్టరు ముస్లిం, పెద్దవాడు. నా చేతులు పట్టుకుని కీళ్ళు ఒక్కొక్కటీ నొక్కి చూశాడు. పొద్దున ఎంతసేపు బిగుసుకుంటాయి, రెండు చేతులకూ ఒకేలా ఉంటుందా, జ్వరం వస్తుందా, అన్నీ అడిగాడు. అన్ని రోజుల్లో నన్ను ప్రశ్న అడిగిన వైద్యుడు ఆయనొక్కడే. మిగతావాళ్ళందరూ జవాబులతోనే వచ్చారు.

"అమ్మా, ఇది కీళ్ళ బీమారి. మొత్తం పోదు. లొంగదీసుకుని ఉండాలె" అన్నాడు. "అన్నం తిన్నంకనే మందు తాగాలె. ఖాళీ కడుపుతోని తాగొద్దు. చెవులల్ల గుయ్యిమంటే ఆపి నా దగ్గరికి రావాలె. పొద్దుగాల వేడి నీళ్ళల్ల చేతులు పెట్టి, వేళ్ళు మెల్లగ ముడిచి తెరువాలె. సల్లగ ఉన్నప్పుడు గట్టి పని చెయ్యొద్దు. అట్లని ఊకె కూసోవద్దు."

కాంపౌండరు సీసాలో మందు పోసి, ఒక్కొక్క మోతాదుకూ ఒక గీత ఉన్న కాగితం ముక్కను సీసాకు అంటించి ఇచ్చాడు.

అసలు తప్పు ఇంటికి వచ్చాక జరిగింది. మా అత్త సీసాను చూడగానే అడిగిన మొదటి మాట, "పత్యం ఏంది?"

"పత్యమేం చెప్పలేదత్తా."

"పత్యం లేని మందు మందెట్లయితదే? నువ్వు సరిగ్గ ఇనలే."

మా వైపు మందంటే పత్యం ఉండాల్సిందే. ఉప్పు లేదు, పులుపు లేదు, కారం లేదు, నూనె లేదు. మందు ఏదైనా సరే, పత్యం ఎంత కఠినంగా ఉంటే మందుకు అంత మర్యాద. డాక్టరు చెప్పడం మరిచాడని మా అత్త తీర్మానించి, ఆ మరుపును తానే సరిదిద్దింది. పొద్దున గ్లాసెడు జొన్న గటక నీళ్ళు, అంటే ఉప్పు లేని పలచటి అంబలి, రాత్రి అంతే. ఇంట్లో వంట ఆమె చేతిలో ఉండేది. అన్నం తిన్నాకే తాగమన్నాడని నేను ఎదురు చెప్పాను. "ఇంగ్లీషు మందు మస్తు వేడి, కడుపు ఖాళీగ ఉంటెనే లోపలికి దిగుతది" అంది మా అత్త. మా మామ మగ్గం గుంటలోంచి తలెత్తి చూశాడు. ఆయన తలాడించాడు. ఆయన ఏం విన్నా తలాడించేవాడు, చేతులు నేస్తూనే ఉండేవి.

ఆ నీళ్ళ మీద మందు తాగితే కడుపులో నిప్పు పోసినట్టయింది. తాగిన మందూ తాగిన నీళ్ళూ రెండూ బయటికి వచ్చాయి. చూశావా, ఎంత వేడో అన్నారు. వేడి తగ్గాలని గటక నీళ్ళను ఇంకా పలచన చేశారు.

ఇంకో సంగతి. నేను తాగిన దానికంటే ఎక్కువగా సీసాలో మందు తగ్గుతోంది. కాగితం గీత ప్రకారం ఉండవలసిన చోట లేదు. అడిగితే మా మామ, నడుము పట్టేస్తే ఒక గుటక తాగి చూశానన్నాడు. అదీ అన్నం తిన్నాక. "నాకైతే నిమ్మళంగనే ఉన్నది" అన్నాడు. ఆ మందు పత్యం లేకుండా పనిచేస్తుందనడానికి ఆ ఇంట్లో సాక్ష్యం ఆయన నడుమే. ఎవరూ చూడలేదు. చూసిన నేను చెబితే, మగవాళ్ళ ఒంటికీ ఆడవాళ్ళ ఒంటికీ తేడా లేదా అన్నారు.

ఈలోగా, మాకు నూలూ పట్టూ ఇచ్చి చీరలు నేయించుకునే సావుకారు పెళ్ళి చీరల పడుగు ఇచ్చిపోయాడు. ఎర్ర పట్టు అంచులు, వెడల్పైనవి. మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. అతుకు సూర్యోదయానికి దీపం పెట్టి మొదలుపెట్టాలి, పొద్దు తిరిగాక అచ్చు ముట్టరాదు. నా వేళ్ళు సూర్యోదయానికి కట్టెలు. కాబట్టి మా అత్త పనిని తోటికోడలికి అప్పగించింది. నన్ను రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుట్టమంది. పిల్లలు చేసే పని అది. ఇక మీదట నా పని అదేనని అందరికీ వినపడేలా చెప్పింది కూడా.

మా తోటికోడలు మంచిది. తెల్లవారుజామున దీపం పెట్టి, దండం పెట్టి, పొద్దున్నుంచి అతికింది. ఆమె మెలి వదులు. నేను దూరం నుంచే చూసి చెప్పాను.

"అక్కా, పట్టుకు బూడిద తక్కువ పెట్టు, మెలి గట్టిగ తిప్పు."

"నీ వేళ్ళు నువ్ చూసుకో చెల్లె."

మర్నాడు మగ్గం మీద సాగదీయగానే ఎడమ అంచు పోగులు ఒకటి తర్వాత ఒకటి ఊడి, ఎర్రటి కుచ్చులాగా వేలాడాయి. మా ఇంటాయన గుంటలో కాళ్ళు పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు. మా మామ మొదటిసారి తలాడించలేదు.

అప్పుడు నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. గంపలో జొన్నరొట్టెలు, కుండలో చింతపండు వేసిన పప్పు ఉన్నాయి. ఉప్పూ పులుపూ కారమూ అన్నీ ఉన్న ఆ పప్పుతో రొట్టె తిన్నాను. మా అత్త గుమ్మంలో నిలబడి చూసింది.

"పత్యం చెడగొడ్తివి కదనే!"

"చెడగొట్టిన."

తిన్నాక సీసాలో మిగిలిన మందు కాగితం గీత వరకు చూసి తాగాను. వేడినీళ్ళు కాచుకుని చేతులు పెట్టాను. పొద్దు నడినెత్తి దాటాక అచ్చు ముందు కూర్చున్నాను.

"పొద్దు తిరిగినంక ముట్టరాదే!" అంది మా అత్త. గొంతు మాత్రం మునుపటంత లేవలేదు.

"పొద్దు తిరిగినంకనే ఈ కిటికీల వెలుతురొస్తది అత్తా. పొద్దుగాల ఈ గదిల దీపమెందుకు పెడ్తున్నరో ఎన్నడన్న ఆలోచించిన్రా?"

ఆ కిటికీ పడమటి వైపుది. ఎన్ని తరాల నుంచి చీకట్లో దీపం పెట్టుకుని కళ్ళు పొడుచుకుని అతికారో, ఎందుకు అతికారో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆచారమట. పని వచ్చినవాడు పెట్టిన ఆచారం మాత్రం కాదు.

నేనేమీ అద్భుతం చేయలేదు. వేళ్ళు నొప్పి పెడుతూనే ఉన్నాయి. మధ్యమధ్య లేచి నడిచాను, మళ్ళీ వేడినీళ్ళలో ముంచాను, తుడిచి బూడిద అద్దాను. పూర్వం ఒక్క పూటలో చేసే అంచుకు మూడు మధ్యాహ్నాలు పట్టాయి. నాలుగో పొద్దున సాగదీస్తే ఒక్క పోగు ఊడలేదు. మా ఇంటాయన నేయడం మొదలుపెట్టాడు. మగ్గం ఆగకుండా ఆడింది.

మళ్ళీ దవాఖానకు పోయి సీసా నింపించుకున్నాను. ఈసారి దాన్ని మా మామకు అందనంత ఎత్తులో పెట్టాను. తెల్లవారుజామున గంజి పెట్టడానికి పోవడం మానేశాను. ఆ పని తోటికోడలు చేసింది, దానికి బదులు ఆమె వంతు అతుకులన్నీ మధ్యాహ్నాలు నేను చేశాను. చెవుల్లో గుయ్యిమన్న రోజున మందు ఆపి పోతే డాక్టరు మోతాదు తగ్గించాడు. రోగం పోలేదు. లొంగి ఉంది, ఆయన చెప్పినట్టే. ఎండాకాలం నెమ్మదిగా ఉండేది, చలికాలం తలెత్తేది.

ఇక మా అత్త వీధంతా చెప్పింది. తన కోడలి వేళ్ళు ధరూరు తైలంతో బాగయ్యాయని, కాస్త ఆలస్యంగా పనిచేసినా గట్టిగా పనిచేసిందని. మోకాళ్ళు పట్టేసినవాళ్ళూ, నడుములు వంగినవాళ్ళూ ఆ తైలం చూద్దామని మా ఇంటికి వచ్చేవాళ్ళు. వాళ్ళకు నేను నిజమే చెప్పేదాన్ని. తైలం రాట్నం ఇరుసుకు పోశాను, రాట్నం కిర్రుమనడం మానింది, అది దానికి బాగా పడింది. నా వేళ్ళకు మాత్రం కడుపు నిండా తిని తాగిన మందు, వేడినీళ్ళు, ఇంకా పనిని పొద్దున్నుంచి మధ్యాహ్నానికి జరపడం. వాళ్ళు శ్రద్ధగా వినేవాళ్ళు.

"గంతేనా?" అని అడిగేవాళ్ళు.

"గంతే."

"పత్యమేం లేదా?"

"లేదు."

మొహాలు దిగాలుగా పెట్టుకుని లేచేవాళ్ళు. గడప దిగాక ధరూరుకు బండి ఎప్పుడుందని ఒకరినొకరు అడగడం నాకు లోపలికి వినపడేది.

ఇప్పుడు నా చూపుడు వేలు పక్కకు వంగిపోయింది, కలం బొటనవేలికీ మధ్యవేలికీ నడుమ పట్టుకోవాలి. పొద్దున ఎవరైనా వచ్చి సంతకం పెట్టమంటే మధ్యాహ్నం రమ్మంటాను. విసుక్కుంటారు, విసుక్కోనీ. ఇది రాయడానికి కూడా పొద్దున ఒక్కనాడూ కూర్చోలేదు. రొట్టె తిని, మందు వేసుకుని, కిటికీలోకి ఎండ వచ్చాకే మొదలుపెట్టాను.