పంటు రేవు పార్కులో అమ్మ నడక

మా ఊళ్ళో గోదావరి ఒడ్డున చిన్న పార్కు ఉంది. రెండు ఉయ్యాలలు, ఒక జారుడుబల్ల, నది వెంబడి సిమెంటు బాట, అంతే. వంతెన కట్టకముందు అది పంటు రేవు. రెండు పడవల్ని కలిపి పైన బల్లలు పరిచిన పంటు, మనుషుల్నీ సైకిళ్ళనూ గేదెల్నీ ఒకేసారి ఎక్కించుకుని అవతలి ఒడ్డుకు చేర్చేది. వంతెన వచ్చాక ఎక్కేవాళ్ళు లేక ఆగిపోయింది. కొన్నేళ్ళు ముళ్ళకంపలు పెరిగిన ఆ చోట ప్రభుత్వం పార్కు వేసింది. పాత టికెట్ల గది ఇప్పుడు వాచ్‌మన్ గది. పంటు తాళ్ళు కట్టిన ఇనుప గుంజకు ఆకుపచ్చ రంగు వేశారు. పిల్లలు దాని చుట్టూ దొంగా పోలీసు ఆడుకుంటారు.

నిరుడు అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. రోజూ నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని, ఇక కర్రే గతి అని డాక్టరుగారు ఖండితంగా చెప్పారు. పార్కుకు తీసుకెళ్తే గేటు దగ్గరే ఆగిపోయింది.

"వీళ్ళంతా ఎక్కడికెళ్తున్నారే?"

"ఎక్కడికీ లేదమ్మా. ఆ చివరిదాకా వెళ్ళి వస్తారు."

"పనీ పాటా లేకుండానా? నలుగురూ చూస్తే నవ్విపోరూ! పద ఇంటికి."

అమ్మ ఈ రేవులోనే పెరుగు గంప నెత్తిన పెట్టుకుని పంటు ఎక్కేది. అవతలి ఊళ్ళల్లో పెరుగు అమ్మి నన్ను టీచరును చేసింది. ఉత్త చేతులతో నడవడమంటే ఆవిడ లెక్కలో సోమరితనమే. మూడు రోజులు బతిమాలాను. నాలుగో రోజు చిర్రెత్తుకొచ్చి, "అయితే మంచం మీదే కూర్చో, నాకేం!" అని అరిచాను. అరిచాక భయం వేసింది. అమ్మ చేతిలో కర్రను ఊహించుకోలేకపోయాను.

మర్నాడు ఒక అబద్ధం అల్లాను. "ఆ చివర గదిలో వాచ్‌మన్ గారు ఎండకి మాడిపోతున్నారమ్మా. ఈ మజ్జిగ ఇచ్చొద్దాం" అని సీసా చేతికిచ్చాను. అమ్మ ముఖం వెలిగిపోయింది. కొంగు బిగించి నాకంటే ముందే బయల్దేరింది.

అమ్మ చివరిదాకా నడవాలి కాబట్టి, ఎదురు మాత్రం రావద్దని వాచ్‌మన్ గారికి ముందే చెప్పి ఉంచాను. పెద్దమనిషి మాట తప్పలేదు. "మీ మజ్జిగ లేనిదే పొద్దు గడవట్లేదండి అమ్మగారూ" అనేవారు. అమ్మ పొంగిపోయి, మర్నాడు అందులో అల్లం, కరివేపాకు దంచి వేసేది. దారిలో షటిల్ ఆడే రిటైర్డు ఉద్యోగుల తగవులు కూడా తీర్చడం మొదలుపెట్టింది. "గీత దాటిందండి, నేను చూశాను" అంటే వాళ్ళు నోరెత్తేవారు కాదు. వేసవి సెలవులన్నీ మాకు అలా సరదాగా గడిచిపోయాయి.

బడులు తెరిచాక, కూతురి పురుడని వాచ్‌మన్ గారు ఊరెళ్ళారు. వెళ్తున్నట్టు ముందురోజే మాతో చెప్పారు. ఇక అమ్మ నడక కూడా ఆగిపోతుందనుకున్నాను. సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో లేదు. ఎక్కడ పడిపోయిందోనని పార్కుకు పరిగెత్తాను.

అమ్మ ఆ చివర, తాళం వేసిన గది దాటి, రెయిలింగు పట్టుకుని నిలబడి ఉంది. గోదావరికి అప్పుడే ఎర్రనీరు వస్తోంది.

"ఏంటమ్మా ఇది? ఆయన లేరుగా!"

"తెలుసే."

"మరి?"

అమ్మ నీళ్ళ మీంచి చూపు తిప్పలేదు. "రోజుకు రెండుసార్లు దాటానే ఈ గోదారిని. పంటు అందుతుందా, పెరుగు ఒలుకుతుందా అని గంప మీదే ధ్యాస. ఇంత బాగుంటుందని ఇప్పుడే చూస్తున్నాను."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నవ్వూ వచ్చింది. పొద్దుపోతోంది, వెళ్దాం రమ్మన్నాను.

"నువ్వెళ్ళి అన్నం వండు" అంది అమ్మ. "నేను ఇంకాసేపు ఊరికే ఉండొస్తాను."